ఓడ మల్లయ్య లైసెన్సు

ఇల్లినాయ్ రాష్ట్రంలో షికాగో పక్కనున్న నేపర్‌విల్ తెలుగువాళ్లు పిసినారులని ఎవరైనా అంటే ముందు నేనే తగాదాకి దిగుతాను. అరోరా బాలాజీ గుళ్లో కల్యాణం చేయించేది వీళ్లే, పుట్టిన ఊళ్లో బడికి బెంచీలు కొనిచ్చేది వీళ్లే, సంఘంవారి ఉగాదికి ప్లాటినం స్పాన్సర్లుగా నిలబడేదీ వీళ్లే. ఆ వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీ ఒకసారి చదవండి. ఇళ్లమ్మే రియల్టరు, అప్పు ఇప్పించే మార్ట్‌గేజ్ ఆయన, బిర్యానీ సెంటరు, పళ్ల డాక్టరు, వాళ్లందరికంటే పెద్దక్షరాల్లో రెండు మూడు ఐటీ కన్సల్టెన్సీలు. ప్లాటినానికి శాలువా, జ్ఞాపిక, ముందు వరస కుర్చీలు. గోల్డుకి జ్ఞాపిక, రెండో వరస. సిల్వరుకి మైకులో పేరు, అదీ యాంకరమ్మకి గుర్తుంటే.

ఆ కన్సల్టెన్సీవారి గోదాములోకి కూడా ఒకసారి తొంగిచూద్దాం. వాళ్లు క్లయింటుకి గంటల లెక్కన బిల్లు వేసే విద్యలన్నీ అక్కడ వరసగా ఉంటాయి: లినక్స్, పోస్ట్‌గ్రెస్, కాఫ్కా, స్ప్రింగ్, జెంకిన్స్, కుబర్నెటీస్. ఒక్కదానికీ పైసా ఇచ్చి తెచ్చింది లేదు. ఎవరో ఎక్కడో రాసిపెట్టారు, వీళ్లు దించుకున్నారు, రెజ్యూమేలో ఎక్కించుకున్నారు. పన్నెండేళ్ల అనుభవం అని రాసుకున్నారు కూడా, సరుకు పుట్టి అప్పటికి పదేళ్లు కాకపోయినా. పోస్ట్‌గ్రెస్‌కి పాతికేళ్లుగా తూట్లు పూడుస్తున్న మనిషిని పిలిచి ఏ ఉగాదికైనా శాలువా కప్పామా? కప్పాలంటే ముందు ఆయనెవరో తెలియాలి. ఆయనొకాయన ఉంటాడన్న సంగతైనా తెలియాలి.

ఈ మాట ఒక బేస్‌మెంట్ పార్టీలో డెలివరీ హెడ్ గారి దగ్గర ఎత్తాను. ఆయన చేతిలో ప్లేటు, ప్లేటులో మిర్చి బజ్జీ, ముఖంలో వేదాంతం.

"ఓపెన్‌సోర్స్ అంటే అదొక కమ్యూనిటీ అండీ. వాళ్లు ప్యాషన్‌తో చేస్తారు. డబ్బు చూపిస్తే ఆ స్పిరిట్ పోతుంది."

"మరి మీకు ప్యాషన్ లేదా అండీ?"

"భలేవారే! నాకు మార్ట్‌గేజ్ ఉంది కదా."

ఇంతకంటే స్పష్టంగా ఈ వ్యాపారం గుట్టు ఏ ఆర్థికవేత్తా చెప్పలేడు. ప్యాషన్ ఉన్నవాడికి ఇల్లుండదనీ, ఇల్లున్నవాడికి ప్యాషన్ అక్కర్లేదనీ ప్రపంచం ఒక ఒప్పందానికి వచ్చేసింది. ఆ ఒప్పందం విలువెంతో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వాళ్లు 2024లో లెక్క కట్టారు. జనం వాడుతున్న ఓపెన్‌సోర్స్ అంతా ఒక్కసారి మళ్లీ రాయించాలంటే 415 కోట్ల డాలర్లు చాలు. అదే లేకపోయి, వాడే ప్రతి కంపెనీ ఎవరిది వాళ్లు రాయించుకోవాల్సి వస్తే 8.8 లక్షల కోట్ల డాలర్లు. ఆ విలువలో 96 శాతం అందించింది 5 శాతం మంది ప్రోగ్రామర్లు. ఈ లెక్క విని మా డెలివరీ హెడ్ గారు, "చూశారా, ఎంత పవర్‌ఫుల్ కమ్యూనిటీయో!" అన్నారు. ఇంకో బజ్జీ తీసుకున్నారు.

నిజానికి ఈ కథకి నేపర్‌విల్ కొత్త కాదు. ఐ-88 హైవే పక్కన బెల్ ల్యాబ్స్ వారి ఇండియన్ హిల్ ప్రాంగణం 1960ల నుంచీ ఉంది. పేరులో ఇండియన్ ఉన్నందుకు కాకపోయినా, మన ఇంజనీర్లలో తొలితరంవాళ్లు కొందరు ఈ ఊరికి దిగింది ఆ గేటు కోసమే. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో దిగ్గజమైన 5ఈఎస్‌ఎస్ ఇక్కడ పెరిగి, 1982లో ఇదే రాష్ట్రంలోని సెనెకా అనే చిన్న ఊళ్లో మొదటిసారి కొలువులో చేరింది. ఆ తర్వాత ఆ గేటు మీద బోర్డులు మారాయి: ఏటీ అండ్ టీ పోయి 1996లో లూసెంట్, 2006లో ఆల్కటెల్-లూసెంట్, 2016లో నోకియా. బోర్డు మారినప్పుడల్లా కొందరి ఉద్యోగాలూ మారాయి, అది వేరే పురాణం.

అదే బెల్ ల్యాబ్స్ న్యూజెర్సీ శాఖలో 1969లో యూనిక్స్ పుట్టింది. అప్పట్లో ఏటీ అండ్ టీ చేతులు కట్టేసి ఉన్నాయి. 1956లో ప్రభుత్వంతో కుదిరిన కోర్టు ఒప్పందం ప్రకారం టెలిఫోన్ తప్ప ఇంకో వ్యాపారం చెయ్యకూడదు. అమ్ముకోలేని సరుకు గనక విశ్వవిద్యాలయాలకి నామమాత్రపు రుసుముకి సోర్సు కోడ్‌తో సహా ఇచ్చేసింది. దాన్నే తర్వాతివాళ్లు దానగుణం అన్నారు! ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ అనే పంతులుగారు 1976లో ఆ కోడ్‌కి పంక్తి పంక్తికీ వ్యాఖ్యానం రాసి పిల్లలకి పాఠం చెప్పాడు. బర్కిలీ కుర్రాళ్లు దానికి కాళ్లూ చేతులూ అమర్చి, ఇంటర్నెట్‌లో నడిచేట్టు చేశారు. 1984లో కంపెనీ ముక్కలైంది, కట్లు ఊడాయి, వ్యాపారం చేసుకోవచ్చు. అప్పుడు గుర్తొచ్చింది, అయ్యో, ఇది మన ఆస్తి కదా అని. 1992లో ఆ కంపెనీ తాలూకు యూనిక్స్ సంస్థ బర్కిలీ కోడ్ అమ్ముతున్నవాళ్ల మీద దావా వేసింది. మా కోడ్ వాడుకుంటూ మా పేర్లెందుకు చెప్పరని విశ్వవిద్యాలయం ఎదురు దావా వేసింది. 1994లో రాజీ కుదిరేసరికి, సుమారు 18,000 ఫైళ్లలో తీసెయ్యాల్సినవి మూడు తేలాయి. మూడు! ఈ మూడు ఫైళ్ల పంచాయితీ నడుస్తుండగానే ఫిన్లండ్‌లో ఒక విద్యార్థి రాసిన లినక్స్ సందు చూసుకుని ఊరేగింపు మొదలుపెట్టేసింది.

ఇండియన్ హిల్ వారు లోకానికి వదిలిన చిన్న కానుక ఒకటుంది, దాన్ని చెప్పకపోతే పాపం. సీ భాషలో కోడ్ ఎంత శుభ్రంగా రాయాలో నేర్పే నియమావళి అక్కడే పుట్టింది. అది చేతులు మారి, టొరంటో విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం వాళ్ల కంప్యూటర్లు చూసుకునే హెన్రీ స్పెన్సర్ లాంటివాళ్ల దిద్దుబాట్లతో పెరిగి, రెండు మూడు తరాల ప్రోగ్రామర్లకి బాలశిక్ష అయింది. జంతువుల శాఖలో పనిచేసే ఆసామి టెలిఫోన్ కంపెనీ పుస్తకాన్ని ఊరికే దిద్దిపెట్టాడు. ఎందుకు? తప్పు కనిపించింది, దిద్దాడు. ఈ రోగం ఉన్నవాళ్లు లోకంలో కొందరుంటారు. మిగతా కథంతా ఆ రోగం మీద బతుకుతున్న ఆసుపత్రుల కథ.

ఊళ్లో ఇంకో సాక్ష్యం కూడా ఉంది. డూపేజ్ నది ఒడ్డున రివర్‌వాక్‌లో సాయంత్రం స్ట్రోలర్లు తోసుకుంటూ తిరుగుతాం చూడండి, దాన్ని 1981లో ఊరి నూటయాభయ్యో పుట్టినరోజుకి జనమే విరాళాలేసుకుని, శ్రమదానం చేసి కట్టుకున్నారు. కానీ నది పొంగి ఇటుకలు లేచిపోతే, 1981లో ఇటుక మోసిన ముసలాయనకి రాత్రి రెండింటికి ఫోను చేసి, "నువ్వే కదా వేశావు, పొద్దున్నకల్లా సరిచెయ్యి, లేకపోతే మా కాఫీ హోటలుకి నష్టం" అని ఎవరూ అరవరు. పార్కులవాళ్లున్నారు, పన్నులున్నాయి, జీతాలున్నాయి. కట్టడం ఉత్సాహం, కాపాడటం ఉద్యోగం అని ఊరికి తెలుసు. ఇదే ఊళ్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకి మాత్రం ఆ తేడా పొరపాటున కూడా గుర్తుకి రాదు.

2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ బయటపడింది. బ్యాంకులు, దుకాణాలు, ప్రభుత్వాలు అన్నీ తలుపులకి వేసుకున్న తాళం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. ఆ తాళానికి కన్నం. తాళాలు చేసేవాళ్లెవరని లోకమంతా వెతికితే, పూర్తికాలం పనిచేస్తున్న మనిషి ఒక్కడు దొరికాడు. విరాళాలుగా ఏడాదికొచ్చేది సుమారు 2,000 డాలర్లు. మన సంఘం ఉగాదికి పూలదండల ఖర్చు ఇంతకంటే ఎక్కువే ఉండొచ్చు, నేను కోశాధికారిని కాను గనక గట్టిగా చెప్పను. అప్పుడు పెద్ద కంపెనీలు సిగ్గుపడి, లినక్స్ ఫౌండేషన్ గొడుగు కింద చేరి, తలా ఏడాదికి లక్ష డాలర్ల చొప్పున మూడేళ్లు ఇస్తామన్నాయి. లక్ష డాలర్లంటే ఆ కంపెనీల్లో ఒక కొత్త ఇంజనీరు జీతం. సిగ్గు ఖరీదు అంత చవక.

తర్వాత 2021 డిసెంబర్ 10, శుక్రవారం. లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో కన్నం. జావా తెలిసిన తెలుగువాడికి ఆ వారాంతం చచ్చేదాకా గుర్తుంటుంది. నేపర్‌విల్ ఇళ్లలో క్రిస్మస్ దీపాలు వెలుగుతున్నాయి, లోపల బ్రిడ్జ్ కాల్స్ నడుస్తున్నాయి. ఒక్కో కాల్‌లో నలభై మంది: ఇద్దరు పనిచేసేవాళ్లు, ముప్పయ్యెనిమిది మంది "అప్‌డేట్ ఏంటి" అనేవాళ్లు. అందరూ బిల్లింగే. శనివారం గంటలు, ఆదివారం గంటలు, అర్ధరాత్రి గంటలు. మేనేజర్లకి తర్వాత అవార్డులు కూడా వచ్చాయి, హీరో ఆఫ్ ది క్వార్టర్ అని. ఆ కన్నాన్ని నిజంగా పూడ్చినవాళ్లు అపాచీ వాలంటీర్లు. పగటిపూట వేరే ఉద్యోగం, రాత్రి ఈ సేవ. ఆ వారాంతం టైమ్‌షీట్ నింపనివాళ్లు ఈ ప్రపంచంలో వాళ్లొక్కరే. పైగా నెట్‌లో తిట్లు కూడా వాళ్లకే.

ఆ మరుసటి నెల జరిగిన ముచ్చట చూడండి. కర్ల్ అనే పనిముట్టు మీ ఫోనులో, టీవీలో, కారులో ఉంటుంది. దాన్ని 1990ల నుంచీ నడుపుతున్నది డానియల్ స్టెన్‌బర్గ్ అనే స్వీడన్ పెద్దమనిషి. 2022 జనవరిలో ఆయనకి ఒక మహా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మీ సరుకులో లాగ్‌ఫోర్‌జే వాడారా, మా డేటాకి ప్రమాదముందా, వరస ప్రశ్నలు, ఇరవై నాలుగు గంటల్లో జవాబు చెప్పాలి అని. కర్ల్ రాసింది సీ భాషలో. లాగ్‌ఫోర్‌జే జావాలో. తమిళ సినిమా చూసి తెలుగు మాస్టారిని వ్యాకరణం తప్పులకి నిలదీసినట్టు! ఆయన ఓపిగ్గా, మీతో సపోర్టు కాంట్రాక్టు కుదిరిన మరుక్షణం సంతోషంగా చెబుతానని బదులిచ్చాడు. దానికి వాళ్లు, మేము మీ కస్టమర్లం కామంటారా అని అమాయకంగా అడిగారు. ఆ ఉత్తరంలో డానియల్ గారి పేరు డేవిడ్ అయిపోయింది. ఇంత వాడుకుంటున్నవాళ్లకి మనిషి పేరు సరిగ్గా రాసేంత తీరిక కూడా ఉండదు. ఆ కంపెనీలో ఎక్సెల్ షీటు నింపి ఆ ఉత్తరం పంపిన గుమాస్తా ఎవరో, అతనికీ ఒక మార్ట్‌గేజ్ ఉండే ఉంటుంది.

మనవాడు సత్య నాదెళ్ల గురించి ఒక ముక్క చెప్పుకోకుండా తెలుగు వ్యాసం సాగదు. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ మన షికాగో సన్‌టైమ్స్‌తో మాట్లాడుతూ లినక్స్‌ని క్యాన్సర్ అన్నాడు. 2014లో మన హైదరాబాద్ పబ్లిక్ స్కూలు విద్యార్థి ఆ కుర్చీ ఎక్కి, మాకు లినక్స్ అంటే ప్రేమ అన్నాడు. బేస్‌మెంట్లలో మనం ఛాతీలు విరుచుకున్నాం. 2018లో ఆ ప్రేమ 750 కోట్ల డాలర్లకి గిట్‌హబ్‌ని కొంది. 2021లో అక్కడ పేరుకున్న జనం కోడ్ మీద శిక్షణ పొందిన కోపైలట్ వచ్చింది, మరుసటి ఏడాది నెలకి 10 డాలర్లన్నారు. అంటే వంట మనం చేశాం, వడ్డనకి టిప్పు కూడా మనమే ఇవ్వాలి. 2024 ఏప్రిల్‌లో అదే కంపెనీ టీమ్స్ ఉత్పత్తికి, వీడియోలు నడిపే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఓపెన్‌సోర్స్ పనిముట్టులో ఏదో తేడా వచ్చింది. వాలంటీర్లు చూసుకునే ఫిర్యాదుల పుస్తకంలో ఇది మాకు అత్యవసరం అని రాశారు. నెలవారీ సపోర్టు కాంట్రాక్టు పెట్టుకుందామా అంటే, ఒక్కసారికి కొన్ని వేల డాలర్లిస్తామన్నారట. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వాళ్లే ఆ సంగతి బయటపెట్టి పరువు తీశారు. ప్రేమలో కూడా బేరాలుంటాయి, పెళ్లిళ్ల కులంలో పుట్టినవాళ్లం మనకి తెలియంది కాదు.

ఇక పెట్టుబడిదారులు. వాళ్ల మీద నాకు గౌరవం ఎక్కువ, ఎందుకంటే మన సామెతని అక్షరాలా అమలు చేసిన ఒకే ఒక్క జాతి వాళ్లది: ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. ఒక కంపెనీ పుడుతుంది. మా కోడ్ అందరిదీ అంటుంది. వేలమంది వచ్చి తప్పులు పట్టుకుంటారు, కొత్త ముక్కలు రాసిస్తారు, పైసా తీసుకోకుండా ప్రచారం చేస్తారు. ఒక్క చిన్న కాగితం మీద మాత్రం సంతకం చేయించుకుంటారు, కంట్రిబ్యూటర్ లైసెన్స్ ఒప్పందమని. ఆ కాగితం ఎవరూ చదవరు. చదివితే, మీరు రాసింది మేము రేపు ఏ లైసెన్సు కిందకైనా మార్చుకోవచ్చు అని ఉంటుంది. గిట్‌హబ్ నక్షత్రాలు పెరుగుతాయి, నక్షత్రాలు చూపించి వెంచర్ పెట్టుబడి తెస్తారు. పెట్టుబడి పెట్టినవాడు ఏడేళ్లు ఆగి, నా లాభమేదని అడుగుతాడు. అడగటం న్యాయమే, ఆయన ప్యాషన్‌తో రాలేదు. అప్పుడు ఒక మంచి రోజు చూసి లైసెన్సు మారుస్తారు.

ఎలాస్టిక్ అనే కంపెనీ తన అపాచీ కోడ్ లైసెన్సు ఎన్నటికీ మార్చబోమని 2018లో మాటిచ్చి 2021 జనవరిలో మార్చింది. అమెజాన్ మా కష్టం తింటోందని ఏడ్చింది. ఆ ఏడుపులో నిజముంది. కానీ దొంగ పడ్డాడని ఇంటికి తాళమేసినప్పుడు, ఇల్లు కట్టిన మేస్త్రీలు కూడా బయటే ఉండిపోయారు. హాషికార్ప్ 2023 ఆగస్టులో టెర్రాఫామ్ లైసెన్సు మార్చింది, మరుసటి ఏప్రిల్‌లో ఐబీఎం ఆ కంపెనీని 640 కోట్ల డాలర్లకి కొంటానంది. టెర్రాఫామ్‌కి ఊరికే రాసిపెట్టినవాళ్లకి అందులో వచ్చిన వాటా: మంచి అనుభవం. రెడిస్ 2024 మార్చిలో అదే తొవ్వ పట్టింది. జనం అలిగి కోడ్ పట్టుకుపోయి వేరుకాపురం పెట్టారు, ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు, వాల్కీ అని. వాటిలో ఓపెన్‌సెర్చ్‌కీ, వాల్కీకీ అద్దె కట్టేది ఎవరు? అమెజాన్, గూగుల్ లాంటివాళ్లే! దొరగారి మీద అలిగి పటేల్ గారి ఇంటికి చేరాం. తమాషా ఏమిటంటే ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో మళ్లీ ఓపెన్‌సోర్స్ లైసెన్సు ఒకటి జతచేసి, మేము ఇంటికొచ్చేశాం అన్నాయి. ఇంకో ఏరు అడ్డమొచ్చింది కాబోలు.

ఐబీఎం సంగతి వచ్చింది గనక: 2019లో రెడ్‌హ్యాట్‌ని 3,400 కోట్ల డాలర్లకి తీసుకుంది. రెడ్‌హ్యాట్ లినక్స్‌కి ఉచిత రూపమై, 2029 దాకా ఉంటుందనుకున్న సెంటాస్ 8ని 2021 చివరితో ముగిస్తామని 2020 డిసెంబర్‌లో ప్రకటన వచ్చింది. ఆ ఉచిత సర్వర్ల మీద సంసారాలు నిలబెట్టుకున్న మన కన్సల్టెన్సీలు ఆ రోజు పెట్టిన శోకాలు వినాలి. ఏడాదికి ఒక్క డాలరు ఇవ్వనివాళ్లు, విశ్వాసద్రోహమన్నారు!

డబ్బే చెడ్డదని నేను అనను. లినక్స్ కెర్నెల్‌లో ఇవాళ సింహభాగం రాసేది జీతగాళ్లే, ఇంటెల్, గూగుల్, రెడ్‌హ్యాట్ ఉద్యోగులు, అది బాగానే నడుస్తోంది. మీ ఫోనులో తెలుగు ఒత్తులు అక్షరం కింద సరిగ్గా కూర్చుంటున్నాయంటే హార్ఫ్‌బజ్ అనే ఓపెన్‌సోర్స్ పుణ్యం. దాన్ని ముందుకు నడిపిన బెహ్దాద్ ఎస్ఫాబోద్ ఎక్కువకాలం కంపెనీల జీతం మీదే ఉన్నాడు. కానీ డబ్బు వచ్చేది మెరిసే కొమ్మలకి, ఎండిపోయేది వేళ్లు. కంపెనీ తన ఉత్పత్తికి కావలసిన కొత్త అంగానికి మనిషిని పెడుతుంది. అందరూ వాడేదాన్ని ఊడ్చి తుడిచే పనికి ఎవరూ పెట్టరు, పక్కవాడు పెడతాడు కదా అని.

అలా ఎవరూ పట్టించుకోని మూల ఒకటి ఎక్స్‌జెడ్. ఫైళ్లని కుదించే చిన్న పనిముట్టు, దాన్ని చూసుకునేది ఫిన్లండ్ మనిషి లాసే కాలిన్ ఒక్కడు. 2022లో ఆయనకి, ఇంత ఆలస్యమేమిటి, చేతకాకపోతే దిగిపో అని ఉత్తరాలు వచ్చాయి. తన మనసు బాగా లేదనీ, ఇది జీతం లేని పనేననీ ఆయన వివరించుకున్నాడు. అప్పటికే సాయానికి వచ్చి ఉన్నాడు జియా టాన్ అన్న పేరుతో ఒక మహానుభావుడు. ఎంత వినయం, ఎంత ఓపిక! రెండేళ్లు మర్యాదగా కోడ్ పంపాడు, బరువు పంచుకున్నాడు, తాళంచెవులు చేతికొచ్చాక దొడ్డిదారి తవ్వాడు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ అవడానికి అర సెకను ఎందుకు ఎక్కువ పడుతోందని తీగ లాగి డొంకంతా కదిలించాడు. లోకంలోని కంపెనీలన్నింట్లోంచి ఆ ఒంటరి మనిషికి చెయ్యందించినవాడు ఎవరయ్యా అని చూస్తే, ఒకే ఒక్కడు, వాడు దొంగ. దొంగలకి ఉన్న దూరదృష్టి మన సీటీఓలకి లేకపోయింది. కనీసం ఆ దొంగకైనా ఎవరో జీతమిచ్చి ఉంటారు.

విసిగిపోయి వెళ్లిపోదామన్నా కుదరదు. 2016లో ఒకాయన ఒక కంపెనీతో గొడవొచ్చి తన కోడ్ అంతా ఎన్‌పీఎం అనే కోడ్ గోదాము నుంచి వెనక్కి తీసుకున్నాడు. అందులో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు పంక్తుల ముక్క ఉంది. సగం ఇంటర్నెట్ కట్టడాలు ఆగిపోయాయి. ఎన్‌పీఎం వారు ఆయన ఇష్టంతో పని లేకుండా ఆ పంక్తుల్ని తిరిగి పెట్టేశారు. తెలంగాణ గడీల వెట్టితో దీన్ని పోల్చను, అది పడ్డవాళ్లకి అవమానం. అక్కడ దెబ్బలుండేవి, ఇక్కడ లైకులుంటాయి.

మనవాళ్లలో ఈ రోగిష్ఠులు లేరా? బోలెడు. 1990ల మొదట్లో హ్యూస్టన్ రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తయారుచేసిన ఆర్‌టీఎస్ పద్ధతి లేకపోతే ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు రాసే అలవాటు ఎక్కడ ఉండేదో. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన, వేమన ఖతులు ఉచితంగా పంచిపెట్టినవి. పత్రికల వెబ్‌సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటుతో తలుపులు బిగించుకున్న రోజుల్లో, ఆ గీతల్ని యూనికోడ్‌లోకి మార్చే పద్మ రాసింది వెన్న నాగార్జున, తెలుగు వికీపీడియాని 2003లో మొదలుపెట్టినాయన కూడా ఆయనే. వీవెన్ లేఖిని లేకపోతే మన బ్లాగులు సగం పుట్టేవి కావు. సంఘం కరపత్రాల మీద కొట్టొచ్చినట్టు కనబడే రామభద్ర, మల్లన్న అక్షరాలు పురుషోత్ కుమార్ గుత్తుల గీసినవి, సిలికానాంధ్ర ద్వారా అందరికీ ఊరికే వచ్చినవి. మన ప్లాటినం ఫ్లెక్సీ మీద ప్లాటినం అన్న మాటే ఎవరో ఉచితంగా ఇచ్చిన అక్షరాల్లో ఉంది. స్పాన్సరు పేరు మాత్రం పెద్దది!

అయితే మనకి సేవ తెలియదనుకోకండి, మనకి సేవ గంటల్లో తెలుసు. మా ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్ 204లో పిల్లాడు తొమ్మిదో తరగతికి రాగానే వాలంటీర్ గంటల లెక్క మొదలవుతుంది. అన్నదానం దగ్గర ప్లేట్లు అందిస్తే నాలుగు గంటలు, ఫొటోతో సహా. ఈమధ్య ఆ జాబితాలో ఓపెన్‌సోర్స్ కూడా చేరింది. "ఏదో ఒక రెపోలో మా వాడి పేరు పడేట్టు చూడండి అంకుల్, కాలేజీ ఎస్సేకి బాగుంటుంది." దీనికి పెద్దలు వేసిన బాట ఉంది. 2020 అక్టోబర్‌లో హాక్టోబర్‌ఫెస్ట్ పండక్కి నాలుగు మార్పులు పంపితే టీ-షర్టు ఇస్తామనగానే, మన దేశంనుంచి సహా లోకమంతా ఎగబడి, ప్రాజెక్టుల ముందు పేజీలో "అద్భుతమైన" అన్న విశేషణం ఒకటి చేర్చి పంపారు. వాలంటీర్లు ఆ రోజుల్లో కోడ్ వదిలేసి విశేషణాలు ఏరుకున్నారు. ఇప్పుడు టీ-షర్టు అక్కర్లేదు, ఏఐ ఉంది. లేని కన్నాలు కనిపెట్టి, ఎనిమిది పేజీల నివేదిక రాసి, బహుమతి డబ్బు అడుగుతుంది. ఆ చెత్త భరించలేక డేవిడ్ గారు, క్షమించండి, డానియల్ గారు, కర్ల్‌లో తప్పులు పట్టుకున్నవాళ్లకిచ్చే నగదు బహుమతిని 2026 జనవరితో ఎత్తేశారు.

నిజంగా చెయ్యాలనుకునే కుర్రాడి అవస్థ ఇంకోటి. హెచ్-1బీ మీద నేపర్‌విల్ అపార్ట్‌మెంటులో ఉంటాడు. రాత్రి భోజనమయ్యాక ఒక లైబ్రరీలో తప్పు దిద్దుతాడు. దానికెవరైనా నెలకి ఇంత ఇస్తామంటే తీసుకోలేడు, వీసా స్పాన్సరు దగ్గర తప్ప వేరేచోట జీతం కూడదు. ఊరికే చేస్తే సేవ, డాలరు ముడితే ఉల్లంఘన. పైగా ఆఫీసులో చేరిన రోజు సంతకం పెట్టిన కాగితాల్లో, నువ్వు కనిపెట్టినవన్నీ మావే అని ఒకటుంటుంది. ఇల్లినాయ్‌లో 1984 నుంచి అమల్లో ఉన్న చట్టం ఒకటి కాస్త అడ్డుపడుతుంది: నీ సొంత సమయంలో, సొంత పరికరాలతో, కంపెనీ వ్యాపారానికి సంబంధం లేకుండా కనిపెట్టింది నీదే అంటుంది. చదవడానికి తీయగా ఉంది. కానీ క్లౌడ్ నుంచి క్రెడిట్ కార్డు దాకా చేసే కంపెనీకి సంబంధం లేని సాఫ్ట్‌వేర్ ఏదో కనిపెట్టడమే పెద్ద పరిశోధన. అందుకని కుర్రాడు మేనేజరు దగ్గర అనుమతి అడుగుతాడు. మేనేజరు లీగల్‌కి పంపుతాడు. లీగల్ ఆలోచిస్తుంది. అదే లైబ్రరీని అదే కంపెనీ ప్రొడక్షన్‌లో వాడటానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

మ్యాచింగ్ గ్రాంటు విషయంలో మనంత చురుకైన జాతి లేదు. గుడికో, ఊరి బడికో వంద ఇస్తే కంపెనీ చేత ఇంకో వంద ఇప్పించే ఫారం ఎక్కడ దొరుకుతుందో డిసెంబర్ 31 రాత్రి పదకొండింటికి నిద్రలో అడిగినా చెబుతాం. అపాచీ ఫౌండేషన్, పైథాన్ ఫౌండేషన్ కూడా ఆ గుడి లాగే పన్ను మినహాయింపున్న 501(సీ)(3) సంస్థలే, అదే ఫారంలో ఉంటాయి. ఈ మాట చెబితే మా డెలివరీ హెడ్ గారు బజ్జీ పక్కన పెట్టారు. "మా కంపెనీ లినక్స్ ఫౌండేషన్‌కి కడుతుంది కదండీ, అది చాలు" అన్నారు. లినక్స్ ఫౌండేషన్ 501(సీ)(6), అంటే వర్తక సంఘాల కోవ. అక్కడా ప్లాటినం, గోల్డ్, సిల్వరే. ప్లాటినం ఏడాదికి 5 లక్షల డాలర్లు, బోర్డులో కుర్చీ సహా. ఎక్స్‌జెడ్ ముసుగుదొంగని అర సెకను తేడా చూసి అనుమానించిన బుద్ధికి అందులో ఏ వరస ఇస్తారో కనుక్కోవాలి.

ఇప్పుడు ఐరోపావాళ్లు కొత్త చిక్కు తెచ్చారు. 2024 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చిన సైబర్ రెసిలియెన్స్ చట్టం ప్రకారం, అక్కడ సరుకు అమ్మేవాడే లోపలున్న ప్రతి ముక్కకీ పూచీ పడాలి, ఊరికే దించుకున్న ముక్కకి కూడా. కన్నాల సంగతి ప్రభుత్వానికి చెప్పాల్సింది 2026 సెప్టెంబర్ 11 నుంచి, మిగతా భారమంతా 2027 డిసెంబర్ 11 నుంచి. లాభాపేక్ష లేకుండా రాసిచ్చే వాలంటీరు మీద చట్టం చెయ్యి వెయ్యలేదు. అమ్మకందారు తన ఖర్చుతో తనే చూసుకోవాలి. ఇది చదివి మన కంపెనీలు ఏం చేస్తున్నాయో ఊహించనక్కర్లేదు. డెలివరీ హెడ్ గారి బృందం అప్పుడే ఒక ఎక్సెల్ షీటు తయారుచేసింది. అందులో వాడుతున్న లైబ్రరీలన్నీ ఒక వరస, వాటి పక్కన "సప్లయర్ సంతకం" అని ఖాళీ గడి. రేపో మాపో అవన్నీ ఉత్తరాలుగా వెళతాయి: డియర్ డేవిడ్, ఇరవై నాలుగు గంటల్లో సంతకం చేసి పంపగలరు.